తీసేస్తేనే వినిపిస్తుంది

పుదుచ్చేరి పట్టణంలోని నటేశన్ నగర్. మేడ మీద ఓ అద్దెగది. కిటికీకి దుప్పటి, గోడకు ఆనించిన పాత పరుపు. చప్పుడు వద్దని ఫ్యాన్ ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాడో యువకుడు. సొంతూరు యానాం. పాలనపరంగా అదీ పుదుచ్చేరే. కానీ ఇంటికి వెళ్లాలంటే కోస్తా వెంట సుమారు 800 కిలోమీటర్లు ప్రయాణించాలి. పగలు ఉద్యోగం, రాత్రి మిక్సింగ్. పెళ్లి వీడియోలకు, భక్తి పాటలకు, షార్ట్ ఫిల్ములకు ధ్వని సరిచేసి ఇస్తుంటాడు. ఆ రాత్రి ముందేసుకున్నది మాత్రం డబ్బులొచ్చే పని కాదు. అది అమ్మమ్మ పాట.

పోవడానికి కొన్ని నెలల ముందు ఆమె ఇంట్లో కూర్చుని పాడిన మంగళహారతి అది. ఫోన్లో రికార్డు చేశారు. నిడివి మూడు నిమిషాలు. సంవత్సరీకానికి వచ్చే బంధువులకు వినిపించాలని అమ్మ కోరిక. కొడుకు తన విద్యంతా చూపించాడు. తంబురా, రెండు వేణువులు, వయొలిన్ల బృందం, తబలా, మృదంగం, గుడిగంటలు, కోరస్, వెనక నది గలగలలు. మొత్తం 40కి పైగా ట్రాకులు. పంపిన పావుగంటకు ఫోన్ మోగింది.

"బాగుంది నాన్నా. సినిమా పాటలా ఉంది. మరి అమ్మమ్మ ఏదిరా?"

మిక్సింగ్ చేసేవారెవరికైనా ఏదో ఒకరోజు ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. ఉన్నవన్నీ వినిపించాలన్న ఆరాటంలో వినిపించాల్సిందే మరుగున పడుతుంది. పాట కాస్తా కలగూరగంప అవుతుంది.

ఒకప్పుడు ఈ ఇబ్బంది తక్కువ. ఘంటసాల (1922-74) తొలినాళ్లలో గాయకుడు, వాద్యబృందం ఒకే హాల్లో, కొద్దిపాటి మైకుల ముందు ఒకేసారి పాడి, వాయించాలి. ఎవరి శబ్దం ఎంత వినిపించాలన్నది చాలావరకు మైకుకు ఎంత దూరంలో కూర్చున్నారన్నదాన్ని బట్టే తేలేది. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. కరుణశ్రీ పద్యాలకు ఘంటసాల ప్రాణం పోసిన 'పుష్పవిలాపం' ఇప్పటికీ మనసును తాకుతుందంటే కారణం గొంతు ముందుండటం, వాద్యాలు దాని వెనక నడవటం. అప్పటివారికి నిగ్రహం ఎక్కువని కాదు, సౌకర్యాలు తక్కువ. 1967లో బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బమ్‌ను తయారు చేసింది కూడా నాలుగు ట్రాకుల యంత్రాల మీదే. ఇప్పుడు చిన్న లాప్‌టాప్‌లోనూ వందల ట్రాకులు. ఇంకొకటి చేర్చడానికి ఖర్చు లేదు. అదే వచ్చిన చిక్కు.

పెద్దవాళ్లకూ ఈ చిక్కు తప్పలేదు. మైకేల్ జాక్సన్ 1982 నాటి 'థ్రిల్లర్'లోని 'బిల్లీ జీన్'ను ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్ 91 సార్లు మిక్స్ చేశారు. చివరికి ఆల్బమ్‌లోకి వెళ్లింది రెండోది. 1984లో ప్రిన్స్ 'వెన్ డవ్స్ క్రై' నుంచి బేస్ గిటార్‌నే తీసేశారు. డాన్స్ పాటలో బేస్ లేకపోవడమంటే పప్పులో ఉప్పు లేకపోవడమే. అయినా ఆ పాట అమెరికాలో నంబర్‌వన్ అయింది.

దీని వెనక చెవికి సంబంధించిన సూత్రం ఒకటుంది. దగ్గర దగ్గర పౌనఃపున్యాల్లో రెండు శబ్దాలు వస్తే గట్టిది మెత్తనిదాన్ని మింగేస్తుంది. ఎలాగూ వినపడని వాటిని వదిలేసి ఫైలు సైజు తగ్గించే ఎంపీ3 కిటుకు కూడా ఇదే. మాట స్పష్టతకు కీలకమైనది ఇంచుమించు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల ప్రాంతం. వేణువు, వయొలిన్, గంటలు కూడా అక్కడికే వచ్చి కూర్చుంటాయి. ముసలి గొంతు వాటితో పోటీపడలేదు. గొంతు పెంచితే వయొలిన్ చిన్నబోతుంది. వయొలిన్ పెంచితే తబలా. ఇలా అన్నీ పెరిగి చివరికి అంతా రొదే.

తెలుగుకు మరో బాధ కూడా ఉంది. మన ద్విత్వాక్షరం పలకాలంటే హల్లు దగ్గర నాలుక కాస్త ఎక్కువసేపు ఆగాలి. పటానికీ పట్టానికీ, గుడికీ గుడ్డికీ తేడా చాలావరకు ఆ క్షణకాలపు ఆగడంలోనే ఉంది. గొంతుకు రెవర్బ్ దట్టంగా పూస్తే ప్రతిధ్వని ఆ సందును పూడ్చేస్తుంది. వాద్యాలు మిగిలింది కప్పేస్తాయి. 'మాట అర్థం కావడం లేదు' అని శ్రోత విసుక్కుంటే తప్పెప్పుడూ గాయకుడిది కాకపోవచ్చు.

గట్టిదనం మోజు మరొకటి. సీడీలో మెత్తని, గట్టి శబ్దాల మధ్య సుమారు 96 డెసిబెళ్ల తేడాకు చోటుంది. దాన్ని వాడుకోకుండా అంతా ఒకే ఎత్తున మోగించే పోటీ నడిచింది. 2008లో మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నటిక్' విషయంలో అభిమానులే గొడవ చేశారు. ఇప్పుడు ప్రధాన స్ట్రీమింగ్ సేవలు చాలావరకు పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి సర్దుతున్నాయి. అరిచి లాభం లేదు. నలిగిన పాట మాత్రం నలిగినట్టే ఉంటుంది.

అలాగని పొదుపంటే బోసితనం కాదు. ఇళయరాజా పాటల్లో వాద్యాలకు కొదవుండదు. కానీ ఒకటి మాట్లాడుతుంటే మరొకటి చోటిస్తుంది. పెళ్లి బ్యాండుకు హడావుడే అందం. ఎన్ని ఉన్నాయని కాదు, ప్రతిదానికీ అక్కడ పని ఉందా అన్నదే ప్రశ్న.

నటేశన్ నగర్ గదిలో ఆ యువకుడు మళ్లీ మొదలెట్టాడు. అన్నిటినీ మ్యూట్ చేశాడు. ఒక్కొక్కటే తెరిచి, అది లేకపోతే పాటకు ఏం పోతుందని అడుగుతూ వచ్చాడు. కోరస్, గంటలు, వయొలిన్లు, తబలా, మృదంగం పోయాయి. వేణువులూ నిలవలేదు. చివరికి తంబురా మిగిలింది. అక్కడ వచ్చింది అసలు పేచీ. శ్రుతి ఆసరా లేకుండా పాడిన ఆమె, పాట సాగేకొద్దీ తెలియకుండానే పై శ్రుతికి జరిగింది. తంబురా ఉంచితే అమ్మమ్మ అపశ్రుతి పాడినట్టుంటుంది. మొదటిసారి ఆమె గొంతునే సాఫ్ట్‌వేర్‌తో దిద్ది తంబురాకు కలిపాడు. అమ్మకు కనపడకుండా పోయింది బహుశా అప్పుడే.

ఈసారి తంబురాను తీసేశాడు. దిద్దిన గొంతు బదులు అసలు రికార్డింగు పెట్టాడు. ఫోన్ పట్టుకున్న చేతి అదురు తగ్గేలా కింది పౌనఃపున్యాలు కాస్త కోశాడు, అంతే. నాయిస్ రిడక్షన్ ఆపగానే సకారాలు పదునెక్కాయి. మధ్యలో చిన్న దగ్గు, ఎక్కడో కాకి. ఉండనిచ్చాడు. మిగిలింది ఒకే ఒక్క ట్రాకు. పని మొత్తం చేసి చూస్తే ఏమీ చేయనట్టే ఉంది.

పంపి చాలాసేపు ఎదురుచూశాడు. ఫోన్ వచ్చేసరికి తెల్లారింది.

"చివరి చరణం ముందు కాస్త ఆగింది చూడు. అప్పుడు నా వైపు తిరిగిందిరా" అంది అమ్మ.

మొదటిసారి ఆ ఖాళీలోనే అతను వయొలిన్లు పెట్టాడు.