బడి గోడకు బయట

ఫ్రాన్స్వా త్రూఫో 1959లో తీసిన ‘ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ చూడకముందు, పారిస్ కుర్రాడి బాధకు విజయనగరంలో కన్నీరు పెట్టడం మధ్యతరగతి విలాసమనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం తప్పని వొప్పుకోవాలి.

అందులో ఆంత్వాన్‌కు బాల్జాక్ అంటే ప్రాణం. ఆయన పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తాడు. బళ్లో వ్యాసం రాయమంటే ఆయన వాక్యాలే కలంలోకి వస్తాయి. ఉపాధ్యాయుడు దొంగతనమంటాడు. నిజమైన దొంగతనం ఆ తరువాతిది: మారుతండ్రి ఆఫీసులో టైపు మిషను. దాన్ని తిరిగి పెట్టబోయి పట్టుబడతాడు. తోడువెళ్లిన స్నేహితుడు రెనే కలిగినింటి బిడ్డ. చెర మాత్రం ఆంత్వాన్‌కే.

మన చాసో (1915–1994) ‘ఎందుకు పారేస్తాను నాన్నా!’ కథలో కుర్రాడు బడినుంచి పారిపోడు. డబ్బులేక బడే వాడికి దూరమైంది. చుట్టలకోసం తండ్రి పంపితే బడి ముందునుంచి నడవడానికి సిగ్గుతో చచ్చిపోతాడు. యీ కథ నేను క్లాసులో ఎంతో ఆవేశంగా చెపుతాను.

ఆ క్లాసులోనే రెండేళ్ల కిందట వొక బెస్తవారి కుర్రాడు గురజాడమీద వ్యాసం రాసి తెచ్చాడు. భాష మరీ బాగుంది. “ఎవరు రాసిపెట్టార్రా?” అని అందరిముందూ అడిగాను. వాడు మాట్లాడలేదు. మర్నాటినుంచి రాలేదు. మేనమామతో గుజరాత్‌లోని వెరావల్‌కు పడవల పనికి పోయాడని తోటివాళ్లు చెప్పారు. మన తీరంనుంచి ఏటా ఎందరో పోయేది అక్కడికే. అలా పోయినవారే 2018లో పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలోగాని బయటపడలేదు. వాణ్ణి తరిమింది యింటి లేమి అని సరిపెట్టుకున్నాను. లేమి నిజమే. నా మాట దానికి తోడైంది.

సినిమా చూశాక ఆ వ్యాసం వెతికి తీశాను. నేను అనుమానించిన వాక్యాలు నేను క్లాసులో చెప్పినవే. వాడు పొల్లుపోకుండా గుర్తుంచుకున్నాడు.

చిత్రం చివర ఆంత్వాన్ తానెన్నడూ చూడని సముద్రందాకా పరుగెత్తి, మనకేసి తిరుగుతాడు. బొమ్మ ఆగిపోతుంది. దాన్ని స్వేచ్ఛ అనే విమర్శకులున్నారు. మా కుర్రాడికి సముద్రం కొత్తది కాదు. అది వాడికి కూలిపని.

మొన్న వాళ్ల వూరు వెళ్లాను. “ఏట ఆగినప్పుడొస్తాడు బాబూ” అంది తల్లి. మార్కులు వేసి, తప్పు నాదని కింద రాసి, వ్యాసం ఆమె చేతికిచ్చాను. ఆమెకు చదువు రాదు. కాగితం కొంగున చుట్టుకుని, వాడొచ్చేదాకా దాస్తానంది.