పాత వాచీకి కొత్త ముఖం

యాభై ఏళ్ళనాటిదని చెప్పి అమ్మకానికి పెట్టిన చేతి గడియారం నిన్న మొన్న తయారైనట్టు తళతళలాడుతుంటే, పాత వాచీల మీద నిజమైన మక్కువ ఉన్నవారికి ముందు అనుమానమూ ఆ వెంటనే చిరాకూ కలగడం సహజం. హెచ్.ఎం.టి. పైలట్ వాచీలు నేడు నారింజ డయళ్ళతోనూ, నీలిపచ్చ డయళ్ళతోనూ, సైనిక దళాల చిహ్నాలు ముద్రించిన డయళ్ళతోనూ విరివిగా అమ్ముడవుతున్నాయి. నల్లని డయల్ మీద తేటగా కనిపించే అంకెలతో ఒక తరం గుర్తుంచుకున్న ఆ వాచీకి, ఎక్కడో చిన్న పనిశాలలో పూసిన ఈ రంగులతో సంబంధం లేదు. అయినా కొనేవారు అరుదైన నమూనా దొరికిందని నమ్మి, దానికి ఎక్కువ ధర చెల్లిస్తున్నారు.

వాచీలోని భాగాలన్నీ మొదటివేనా అని పరీక్షించేవారు అరిగే భాగాలను, అరగని భాగాలను వేరుచేసి చూడడం అవసరం. గ్లాసు మీద గీతలు పడతాయి. కీ ఇచ్చినప్పుడు చుట్టుకొని, మెల్లగా విడివడుతూ చక్రాలను తిప్పే ఉక్కు పట్టీ, అంటే మెయిన్ స్ప్రింగు, కొన్నేళ్ళకు బలం కోల్పోతుంది. నీరు చొరకుండా వెనుక మూత కింద ఉంచే రబ్బరు వలయం ఎండి పగులుతుంది. బెల్టు సంగతి చెప్పనక్కరలేదు. ఇవి మారినంత మాత్రాన వాచీకి వచ్చే లోపం లేదు, పైగా అవి మారడమే ఆ వాచీని ఎవరో శ్రద్ధగా వాడుకున్నారని చెబుతుంది.

లోపలి యంత్రం విషయం అలా కాదు. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. వాచీల కర్మాగారం, జనత వంటి కీ వాచీలలో 0231 సంఖ్య గల యంత్రాన్ని అమర్చింది. దానిలో పదిహేడు రాళ్ళుంటాయి. రాళ్ళంటే చక్రాల ఇరుసులు అరగకుండా వాటి కొనలకు ఆనికగా అమర్చే కృత్రిమ కెంపులు. డయల్ మీద కనిపించే పారాషాక్ అన్న మాట, వాచీ కింద పడినప్పుడు, అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రపు సన్నని ఇరుసు విరగకుండా కాపాడే సిటిజన్ వారి ఏర్పాటును సూచిస్తుంది. మూత తీసినప్పుడు బాలెన్స్ చక్రం నడుమ లైర్ అనే తంత్రీవాద్యపు ఆకారంలో వంచిన చిన్న స్ప్రింగు కనిపిస్తే అది స్విట్జర్లాండ్ వారి ఇన్‌కాబ్లాక్ పద్ధతి. అంటే పారాషాక్ అని చెప్పే డయల్ కింద వేరే యంత్రం కూర్చున్నదని నిశ్చయించవచ్చు. కీ ఇవ్వనక్కరలేని ఆటోమేటిక్ వాచీ అయిన కాంచన్ పేరు డయల్ మీద ఉండి, లోపల చేతి కదలికకు ఊగే బరువు పలక లేకపోయినా అదే తీర్పు. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. కొత్త విడిభాగాలు రావు గనుక నాలుగు చెడిన వాచీల నుంచి ఒక నడిచే వాచీని కూర్చడం రిపేరు దుకాణాలలో మామూలైంది. నాలుగూ ఒకే నమూనావైతే దానిని దోషమనడం న్యాయం కాదు.

డయల్ దగ్గర మాత్రం ఏ రాజీ కూడదు, ఎందుకంటే అది అరిగే భాగం కాదు. దానిని మార్చవలసిన యాంత్రిక అవసరం ఎన్నడూ రాదు. కర్మాగారాలలో అక్షరాలను లోహపు పలకపై చెక్కి, ఆ గాడిలో నింపిన సిరాను మెత్తని దిండు వంటి సాధనంతో ఎత్తి డయల్ మీద అద్దుతారు. అందువల్ల పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద కూడా అక్షరాల అంచులు తెగినట్టు స్పష్టంగా ఉంటాయి. తిరిగి రంగు వేసిన డయల్‌లో అంచులు చెదరిపోతాయి, గీతల మందం ఒకచోట ఎక్కువగానూ మరొకచోట తక్కువగానూ ఉంటుంది, నిమిషాల గీతలు గంటల గుర్తులకు ఎదురుగా రాక పక్కకు జరుగుతాయి, చుట్టూ అంచు మీద రంగు పేరుకుంటుంది. ముళ్ళను కూడా డయల్‌తో కలిపి చూడాలి. జనవ్యవహారంలో రేడియం అని పిలిచే వెలుగు పూత అంకెల మీద పసుపు తిరిగి, ముళ్ళ మీద తెల్లగా ఉన్నదంటే రెండూ కలిసి ముసలివి కాలేదన్నమాట. పాత స్విస్ వాచీలలో ఆ పూత నిజమైన రేడియమే కావచ్చు. దాని రేడియోధార్మికత సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్ళు పడుతుంది గనుక, చీకట్లో వెలగడం మానేసినా దానిని గోకడం ప్రమాదకరం.

మచ్చపడిన డయల్‌ను చూసి ముఖం చిట్లించేవారు వెనుక మూత లోపలి వైపు ఒకసారి చూడాలి. రిపేరు చేసినవారు సూదిమొనతో గీసిన చిన్న చిన్న గుర్తులు, అంకెలు, పొడి అక్షరాలు అక్కడ కనిపిస్తాయి. బస్టాండు పక్కన అద్దాల బల్ల వెనుక కంటికి భూతద్దం తగిలించుకొని కూర్చున్న మనుషులు ఆ వాచీని ఎన్నిమార్లు విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి మళ్ళీ నడిపించారో ఆ గీతలే చెబుతాయి. అంతటి సేవ పొందిన వాచీకి రంగు పూసి వయసు దాచడం ఆ పనివారందరికీ చేసే అన్యాయం.

హెచ్.ఎం.టి. అన్న మూడు అక్షరాల మీద ప్రజలకున్న నమ్మకం ఎంతటిదో తెలియాలంటే బియ్యం కొట్టు వైపు చూడాలి. తెలుగునాట అన్నం వండేవారికి పరిచయమైన హెచ్.ఎం.టి. బియ్యానికి ఆ పేరు వాచీ నుంచే వచ్చింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామానికి చెందిన దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1983లో తన పొలంలో తేడాగా కనిపించిన కొన్ని వరి వెన్నులను ఏరి, విడిగా నాటి, ఏటికేడు ఎంపిక చేస్తూ ఆ సన్నని వంగడాన్ని సాధించాడు; అప్పట్లో జనం మెచ్చిన వాచీ పేరునే దానికి పెట్టారు. ఆ వరి ఎన్నో రాష్ట్రాలకు పాకింది, ఎందరో వ్యాపారులకు లాభం తెచ్చింది, 2018లో మరణించిన ఆ రైతు మాత్రం బతికినంతకాలం పేదరికంలోనే ఉన్నాడు. సంచీ మీది పేరు చూసి బియ్యం కొనేవారు ఆ పేరు వెనుక మనిషిని తలచకపోవడం, డయల్ మీది రంగు చూసి వాచీ కొనేవారు లోపలి యంత్రాన్ని చూడకపోవడం కన్నా విచారకరమైన సంగతి.

ఇంట్లో తాతగారి వాచీ ఏదైనా పెట్టె అడుగున దొరికితే, దాని డయల్ ఎంత మాసిపోయి ఉన్నా దయచేసి తడిగుడ్డతో తుడవకండి, రంగు వేయించకండి. యంత్రాన్ని శుభ్రం చేయించి, నూనె వేయించి, గ్లాసు మార్పించి, రిపేరు చేసేవారికి డయల్ ముట్టవద్దని ముందే గట్టిగా చెప్పండి.