సన్న కట్ట

శ్రీశైలం రోడ్డు మీద కొట్ర దగ్గర మలుపు తిరిగి కల్వకుర్తి చేరేసరికి బట్టల దుకాణం అప్పుడే తెరిచారు. సంక్రాంతి అమ్మకాలు ముగిసి వారమైంది. నేను వెళ్లింది చీరల కోసం కాదు, ఆ దుకాణదారు పండక్కి పంచిన పాంప్లెట్ల లెక్క చూడడానికి.

గల్లాపెట్టె పక్కన రబ్బరు బ్యాండ్లు వేసిన మూడు కూపన్ కట్టలున్నాయి. గులాబీవి టౌన్‌లో పంచినవి, పసుపువి తలకొండపల్లి దిక్కు, ఆకుపచ్చవి వెల్దండ దిక్కు. కూపన్ తెచ్చినవాళ్లకు జాకెట్ ముక్క ఉచితం. ఏ రంగువి ఎన్ని తిరిగొచ్చాయో చూస్తే ఏ పాంప్లెట్ పనిచేసిందో తెలుస్తుందని ఆలోచన. ఇది పాత విద్యే. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ 1923లో తెచ్చిన 'సైంటిఫిక్ అడ్వర్టైజింగ్'లో ఈ కూపన్ లెక్క ఉంది. మన దుకాణదారు ఆ పేరే వినలేదు.

గులాబీ కట్ట ఇటుకంత మందం. పసుపుది బీడీ కట్టంత. "టౌన్‌లోనే ఇంకా పంచండి" అనేశాను.

"ఆగుండ్రి సారూ" అంటూ ఖాతా బుక్కు తీశారు. కూపన్ల వెనక ఫోన్ నంబర్లు రాయించారు. గులాబీవి ఒక్కొక్కటే తిప్పుతూ, ఖాతాలో అదే నంబరు మీద వేలు పెట్టి చూపించారు. వరసగా అన్నీ దొరుకుతున్నాయి.

"వీళ్లంత మనోళ్లే. పిలువకున్నా వస్తరు. జాకెట్ ముక్కలు ఉత్తగ పోయినయ్."

పసుపు కట్టలో ఖాతాకెక్కిన నంబరు ఒకటీ అరా. బిల్లులేమో పెద్దవి, పెళ్లి బట్టలు.

"కానీ మరీ సన్న కట్ట కదా?"

"78 ఓట్లతోని ఎమ్మెల్యే గెలిచిన జాగ సారూ ఇది. సన్నదని పారేస్తమా?"

2014 ముచ్చట అది. కాంగ్రెస్ అభ్యర్థి చల్లా వంశీచంద్ రెడ్డి ఇక్కడ 78 ఓట్ల తేడాతోనే గెలిచారు. కల్వకుర్తి అంటే నాకు మాత్రం ముందు 1989 గుర్తొస్తుంది. ఎన్టీఆర్ ఆ ఏడాది హిందూపురంలోనూ ఇక్కడా నిలబడి, అక్కడ గెలిచి, ఇక్కడ చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడారు. ఆ రోజుల్లో ఎన్టీఆర్ పేరును మించిన ప్రచారం ఏముంటుంది? పేరు తెలియడం వేరు, పెట్టెలో ఓటు పడడం వేరు. ఫోన్లో ప్రకటన ఇంతమంది చూశారని మురిసిపోయే మనబోటివాళ్లకు ఈ ఊరు చూపించాలి.

అయినా నాకో అనుమానం. సంక్రాంతి నాటికి పత్తి పైసలు చేతికొస్తాయి. తలకొండపల్లి వాళ్లు పాంప్లెట్ చూసి వచ్చారా, పైసలుండి వచ్చారా? అడిగితే ఆయన నవ్వలేదు. కాసేపు పసుపు కట్టనే చూశారు. బీకాం చదివే కూతురు లోపలి నుంచి అందుకుంది: "నేను చెప్పలే నాయినా? కొన్ని ఊర్లకు పంచొద్దు. ఆడికెల్లి గూడ కొత్తోళ్లు వస్తే అది పత్తి గిరాకే, మన కాయిదపుది గాదు."

ఈసారి పెళ్లిళ్ల సీజన్‌కు అలాగే చేద్దామనుకున్నారు. ఊళ్ల జాబితా రాసి చీటీలు తీశారు. వెల్జాల్‌కు పంచాలి, గట్టు ఇప్పలపల్లికి వద్దు. మూడో చీటీ విప్పి ఆయన మళ్లీ మడిచేశారు.

"ఇది మా అత్తగారి ఊరు. దీన్ని ఇడిసిపెడితే ఇంట్ల నాకు బువ్వ దొరకదు."

"చీటీ మార్చొద్దు నాయినా" అంటోంది కూతురు.

నేను బస్సు కోసం లేచేటప్పటికి ఆ చీటీ ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది.