రుద్దకపోతే తేరవా?

మన పిల్లలు తరగతిలో నోరు విప్పరని బయటి నుంచి వచ్చిన టీచర్లు తరచూ అంటుంటారు. వాళ్ళ వెంట అడవిలో ఒక్క పూట నడిస్తే ఆ మాట అనలేరు. ఏ పుట్టగొడుగు తినొచ్చో, ఏది కూడదో, తేనెపట్టు ఎప్పుడు దించాలో అడక్కుండానే చెబుతారు. సైన్సు పీరియడ్ మొదలైతే మాత్రం నిశ్శబ్దం.

మేము చూసినంతలో ఇందులో సగం భాష సంగతి. కోయ పిల్లవాడికి ఏరు అంటే నీళ్ళు. తెలుగు పుస్తకంలో ఏరు అంటే వాగు. ‘ఏటిలోని నీరు’ దగ్గరే వాడు తికమకపడతాడు. అడిగితే నవ్వుతారని ఊరుకుంటాడు. మిగతా సగం పాఠం నడిచే తీరులో ఉంది. ‘చేసి చూడండి’ అని ఉంటుంది, ఏం జరుగుతుందో ఆ కింది వరుసలోనే ఉంటుంది. ఇక చేయడమెందుకు?

పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనుగొంటూ నేర్చుకోవాలనీ, వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన సాగాలనీ 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. రెండు మాటలూ ఒకే చోట ఉన్నాయి. మనకైతే రెండూ ఒకటే మాట.

ఆరో తరగతిలో మిశ్రమాలను వేరుచేసే పాఠం వచ్చింది. పటిక సంగతి చెప్పేముందు, వానాకాలం వాగు నీళ్ళు ఎర్రగా వస్తే ఇంట్లో ఏం చేస్తారని అడిగాం. ఏ భాషలో చెప్పినా సరే అన్నాం. నలుగురైదుగురు ఒక్కసారే లేచారు. చిల్లగింజతో కుండ లోపల రుద్దుతారట. ఇండుపు గింజ అని కూడా అంటారు దాన్ని. అప్పుడు వెనక వరుసలోంచి ఒక అమ్మాయి అడిగింది:

“రుద్దకపోతే తేరవా సార్? మా తాత గింజ రుద్ది రాత్రంతా ఉంచుతాడు. రాత్రంతా ఉంచితే ఊరికే కూడా తేరతాయి గదా!”

జవాబు మేము చెప్పలేదు. ఎలా తేల్చాలో మీరే చెప్పండన్నాం. మూడు గాజు గ్లాసులు కావాలన్నారు. ఒకే బిందెలోని నీళ్ళు, ఒకే కొలత. ఒకదానిలో గింజ అరగదీసిన నీళ్ళు, ఒకదానిలో పటిక, మూడోదానిలో ఏమీ లేదు. ఒకడు గింజ, పటిక రెండూ కలిపేద్దామన్నాడు. “అప్పుడు ఏది పనిచేసిందో ఎట్లా తెలుస్తది?” అని మిగతావాళ్ళు వాడి మీద పడ్డారు. మేము అరగంట చెప్పినా ఆ మాట అంత బాగా దిగేది కాదు.

గింజ వేసిన గ్లాసు, పటిక గ్లాసు బడి వదిలేలోపే తేరాయి. ఊరికే ఉంచినది మర్నాటికీ మసకగానే ఉంది. నీళ్ళలో తేలే సన్నటి బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ అడుగుకు దిగవు. గింజలోని పదార్థం వాటిని కలిపి ముద్దలు కట్టిస్తుంది, ముద్దలు బరువుకు దిగిపోతాయి. ఈ వివరం గ్లాసులు చూశాకే చెప్పాం. తర్వాత పిల్లలు గింజను మరీ ఎక్కువ అరగదీసి చూశారు. నీళ్ళు సరిగా తేరలేదు. ఎంత అరగదీయాలన్నది ఇంకో ప్రశ్న అయింది.

ఇలా చేస్తే పాఠం వెనకబడుతుంది. నిజమే. ఒక పాఠానికి ఐదు పీరియడ్లు పట్టాయి. తనిఖీకి వచ్చిన అధికారి గ్లాసులు చూడలేదు, సిలబస్ ఎంతవరకు వచ్చిందనే అడిగారు.

మన పెద్దల విద్య గొప్పదని చెప్పి అక్కడే ఆగిపోవడం మాకు ఇష్టం లేదు. తేట నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు. గింజతో మట్టి దిగుతుంది గానీ, రోగం తెచ్చే సూక్ష్మజీవులన్నీ పోవు. వానాకాలం వాంతులు, విరేచనాలతో మన గూడేల్లో పిల్లలు ఎంత నలిగిపోతారో మనకు ఒకరు చెప్పాలా? తేర్చిన నీళ్ళను మరిగించాలి. ఈ సంగతి ఆ అమ్మాయే ఇంట్లో చెప్పింది. మరిగిస్తే నీళ్ళ రుచి పోతుందని తాత ఒప్పుకోలేదట.

తర్వాతి వారం ఆయన సంతకు పోతూ బడి దగ్గర ఆగి, కిటికీలోని గ్లాసులను కాసేపు చూశాడు. “ఏ గింజ వాడారు? ఈ ఏటిదా, పోయిన ఏటిదా?” అని అడిగాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు రెండు రకాల గింజలూ తెమ్మని ఆయనకే చెప్పారు.