కొత్త అయ్యగారు

మా ఊరి చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చిన ఆదివారం అమ్మమ్మ గడప దాటలేదు. తాతయ్య ఆఖరి ఘడియల్లో పక్కనున్నది పాత అయ్యగారే మరి. ఆయన బదిలీ ఆపాలని కొందరు, వద్దని కొందరు. సంఘం రెండుగా చీలింది. గుళ్లోనూ చెరోవైపు కూర్చునేవాళ్లు.

నాలుగో వారం అమ్మమ్మకు జ్వరం. తలుపు తట్టింది కొత్తాయనే. చాపమీద కూర్చుని ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లారు.

"మెదక్ చర్చి కట్టించిన పాస్నెట్ దొర కూడా వెళ్లిపోయిండు. 1924లో మొదలైన ఆరాధన ఆగిందా?" అంది అమ్మమ్మ, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

మరుసటి ఆదివారం నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. తను ఎప్పుడూ కూర్చునే చోటు దాటి, అవతలి వరుస దగ్గర ఆగింది. నెలరోజులుగా పలకరించని పక్కింటామె కాస్త జరిగి చోటిచ్చింది.