ఉల్లిపూలు

మా భాయీజాన్ ఇంగ్లండుకు వెళ్ళిన నాలుగవ ఏట, తాను నివసించే వీధిలోని ఒక తోట ఛాయాచిత్రాన్ని పంపినాడు. నిలువెత్తు కాడల కొసన ఊదారంగు బంతులవలె గుండ్రని పూలు. అవి ఉల్లిజాతివేననీ, వాటి పేరు అల్లియం జైగాంటియం అనీ వ్రాసి, “మన ఇంట ఇవి పూచిననాడు వస్తాను” అని పరిహాసమాడినాడు. అమ్మీ దానిని పరిహాసంగా గ్రహించలేదు.

ఉప్పల్‌లో మా ఇంటి ముందరి జాగా రెండు మంచాలు పట్టేటంత. ఎర్రని చల్కా నేల. నీరు నిలువదు గనుక దుంపలకు మంచిదేనని తలచి, అక్కాతమ్ములం దాచుకొన్న ఈదీ సొమ్ముతో ఒక విక్రేత వద్ద మూడు దుంపలు కొని అక్టోబరులో నాటినాము. నీరసమైన ఆకులు కొన్ని వచ్చినవి. అమ్మీ ప్రతి ఉదయం నమాజు ముగించి వాటిని చూచి వచ్చేది. ఫిబ్రవరి నాటికి అవి పసుపుబారి నేలకొరిగినవి. త్రవ్వి చూడగా ఒక దుంప కుళ్ళినది. తక్కిన రెండు ముడుచుకొనిపోయినవి.

దోషం మా శ్రద్ధలో లేదని పిమ్మట చదివి తెలుసుకొన్నాము. ఆ మొక్క మధ్య ఆసియా, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ కొండ ప్రాంతాలది. శీతకాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలిని అనుభవించినగాని దాని పూలకాడ సరిగా పైకి రాదు. హైదరాబాదులో జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దరిదాపులనే ఉంటాయి. అమ్మినవాడు ఈ మాట చెప్పలేదు, మేమూ అడుగలేదు. ఆ నెలంతా అమ్మీ ఫోనులో భాయీజాన్ వద్ద తోట ప్రస్తావనే తేలేదు.

నాచారంలోని మా నానీ సంగతి విని నవ్వినది. “ఉల్లిజాతే గదా బేటా, ఉల్లిగడ్డ పెట్టరాదూ!” అంటూ, మరుసటి నవంబరులో తన వంటింటి బుట్టలో మొలకెత్తిన అయిదు గడ్డలను ఇచ్చినది. ఉల్లి మొదటి ఏట గడ్డ కట్టి, ఆ గడ్డను మరల నాటితే పూస్తుంది. దానికి మన చలికాలపు చల్లదనమే చాలు. జనవరి చివర బోలుగా, నడుమ కొంచెం ఉబ్బిన కాడలు లేచినవి. కొసనున్న పలుచని పొర చిట్లి, వందలకొలది తెల్లని చిన్నిపూలు ఒకే బంతిగా విచ్చినవి. ప్రతి పూవులోనూ పుప్పొడి ముందు రాలి, కీలాగ్రం తరువాత సిద్ధమవుతుంది గనుక తేనెటీగ రావలసినదే. ఉప్పల్ బస్సుల హోరులో అవి ఎక్కడనుండి వచ్చినవో, ఉదయానికల్లా వచ్చి వాలినవి. విత్తనానికని నానీ రెండు కాడలను ముందే అడిగి ఉంచుకొన్నది. (ఆ నల్లని గింజలనే కలోంజీ అని భ్రమపడేవారున్నారు, కలోంజీ మొక్క వేరు.)

ఆ శుక్రవారం అమ్మీ తానే ఫోను అందుకొన్నది.

“పూచినవి బేటా.”

“ఎంత ఎత్తు?”

అమ్మీ రెండవ చేతిని నడుము వద్ద ఉంచి చూపినది. అతనికి కనబడదన్న మాట ఆమెకు తట్టలేదు.

“ఊదావేనా?”

“తెల్లవి.”

అవతల కొంతసేపు మాట లేదు. “అమ్మీ, అవి మనం తినే ఉల్లిగడ్డ పూలు గదా?”

“ఉల్లిజాతే అని నువ్వే వ్రాసినావు” అన్నది అమ్మీ.