టార్చి మసకబారితే పారేయకండి

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో కరెంటు పోయిన రాత్రుల్లో మాకు టార్చిలైటే దిక్కు. ఆ తర్వాత మనవాళ్ళు కొందరు పెద్ద వెలుగిచ్చే ఎల్‌ఈడీ టార్చీలు కొన్నారు. ఇప్పుడు "కాసేపటికే మసకబారుతోంది, మోసం" అంటున్నారు.

మోసం కాదండీ. ఫుల్‌లో పెడితే ఎల్‌ఈడీ బాగా వేడెక్కుతుంది. అది పాడవకుండా లోపలి సర్క్యూటే వెలుగు తగ్గిస్తుంది. చల్లారాక మళ్ళీ పెంచుకోవచ్చు.

మిణుకుమిణుకుమంటే సంగతి వేరు. సెల్లు తీసి స్ప్రింగు, సెల్లు చివరలు పొడిగుడ్డతో తుడిచి, వెనక మూత గట్టిగా బిగించండి. అప్పటికీ ఆగకపోతే చార్జి చూడండి. నిండిన లిథియం సెల్లు 4.2 వోల్టులుంటుంది, 3కి దిగితే దాదాపు అయిపోయినట్టే. పైతొడుగు చిరిగిన సెల్లు మాత్రం వాడకండి.

తుపాను రాత్రి మెట్లు దిగడానికి మేము తక్కువ వెలుగులోనే పెట్టుకుంటాం. అవసరానికి ఆరిపోని వెలుగే కదా మనకు కావలసింది!